కలౌంజీ పేరిట వ్యాపారమా?

జుమా నమాజు ముగించుకొని బయటకు రాగానే అత్తరు, మిస్వాక్‌ల సరసన కలౌంజీ (నల్ల జీలకర్ర) నూనె సీసాలు, క్యాప్సూళ్లు కనిపించడం మామూలే. తరతరాలుగా మన వంటింట్లో ఉన్న ఆ గింజలపై మాకెలాంటి అభ్యంతరమూ లేదు. వాటిలో స్వస్థత ఉందని దైవప్రవక్త (స) సెలవిచ్చిన హదీసు బుఖారీలో ఉంది. దానిని మనసారా విశ్వసిస్తాం. అయితే ఆ హదీసును సీసాపై అచ్చువేసి, ఒంట్లోని విషాలను కడిగేస్తుందని, క్యాన్సర్‌ను దరిచేరనివ్వదని చెప్పి అమ్ముకోవడం వేరు. హదీసులోని మాట విస్తృతంగా ఉన్నా, అది కొన్ని రకాల వ్యాధులకే వర్తిస్తుందని ఇమామ్ ఖత్తాబీ వెయ్యేళ్ల క్రితమే వివరించారు.

శరీరంలోని మలినాలను తొలగించే పనిని అల్లాహ్ కాలేయానికీ, మూత్రపిండాలకూ అప్పగించాడు. కలౌంజీలోని థైమోక్వినోన్ అనే పదార్థం ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను అదుపు చేసిన మాట నిజమే. కాని గాజుపాత్రలో జరిగినదల్లా మనిషి ఒంట్లోనూ జరుగుతుందనుకోరాదు. బీటా కెరోటిన్ సంగతే చూడండి. క్యారెట్‌లో ఉండే ఈ పదార్థం క్యాన్సర్‌ను ఆపుతుందన్న ఆశతో ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులు 29,133 మందితో పరీక్ష జరిపారు. 1994లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో అలాంటి మరో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపివేశారు.

క్యాన్సర్‌ను నివారిస్తుందనో, నయం చేస్తుందనో మందులకు ప్రకటనలివ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని అబూదావూద్‌లోని హదీసు తెలుపుతోంది. సీసాలు అమ్మేవారే కాదు, వాటిని సిఫారసు చేసే మాబోటి ఉస్తాదులూ, ఖతీబులూ ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

రొమ్ములో గడ్డ తగిలిన తల్లి, నోట్లో మానని పుండున్న తండ్రి నెలల తరబడి నూనె తాగుతూ కూర్చుంటే వ్యాధి ముదురుతుంది. చికిత్స చేయించుకోమన్నదీ ప్రవక్త (స) ఆదేశమే కదా!

నిజంగా క్యాన్సర్‌ను దూరంగా ఉంచాలంటే ముందు గుట్కా, జర్దా, బీడీ, సిగరెట్ మానాలి. కాలేయ క్యాన్సర్ ముప్పును తగ్గించే హెపటైటిస్-బి టీకాను పిల్లలకు వేయించాలి. క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు ఏ నూనె వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి. కలౌంజీని బిస్మిల్లా అని రొట్టెపై చల్లుకొని తినండి. గడ్డ కనిపిస్తే మాత్రం ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్లండి. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్‌యే.