చౌకగా ఇస్తున్నామని చులకన చేస్తే ఊరుకోం!

నరసరావుపేట, మాచర్ల, గురజాల కొనుగోలుదారులకు విజ్ఞప్తి



పెళ్ళి బట్టలైనా, నెల సరుకులైనా ఒకప్పుడు తెలిసిన కొట్టుకే పోయేవాళ్ళం. ఇప్పుడు ఏసీ వేసిన పెద్ద పెద్ద డిస్కౌంట్ స్టోర్ల కాలం. నరసరావుపేటలో దొరకనిదేదో దొరుకుతుందని గురజాల నుంచి, రెంటచింతల నుంచి రైలెక్కి గుంటూరు దాకా పోయి సంచులు నింపుకొచ్చేవాళ్ళున్నారు. మంచిదే. ధర తగ్గిస్తామంటే వద్దనేదెవరు? కూలికి పోయే ఇంట్లో నెలకు రెండొందలు మిగిలాయంటే పిల్లల నోటు పుస్తకాలు వచ్చినట్టే. కాబట్టి ధరలు తగ్గించే కొట్ల మీద కోపంతో వేసిన కరపత్రం కాదిది.

అయినా మాలో కొందరం ఆ కొట్ల గడప తొక్కటం మానేశాం. ధర తగ్గించారు సరే, దాంతోపాటు మర్యాద కూడా తగ్గించొచ్చని వాళ్ళకెవరు చెప్పారు?

మేం కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెప్తాం. ఏ స్టోరు అన్నది ఇక్కడ అనవసరం, మీరు పోయిన చోట కూడా ఇదే తంతు జరిగి ఉంటుంది. పంచె కట్టుకుని, భుజాన కండువా వేసుకుని, చేతిలో గుడ్డ సంచితో ఒక పెద్దాయన వచ్చాడు. గేటు దగ్గర కాపలా కుర్రాడు, "సంచి అక్కడ పెట్టు, టోకెన్ తీసుకో" అన్నాడు. వెనకే బ్యాగు తగిలించుకొచ్చిన ప్యాంటు చొక్కా అబ్బాయితో మాత్రం, "సార్, బ్యాగు కౌంటర్లో ఇవ్వండి" అన్నాడు. పెద్దాయన ఆ తేడా వినీ విననట్టు సంచి అక్కడ పెట్టి లోపలికి పోయాడు. కందిపప్పు ఎక్కడుందయ్యా అని అడిగితే, డబ్బాలు సర్దుతున్న పిల్ల తలెత్తకుండానే "అటు" అంది. ఆ "అటు" ఎటో తెలియక నాలుగు వరసలు తిరిగాడు. బిల్లు దగ్గర చూస్తే కౌంటర్లు బారుగా ఉన్నాయి, మనుషులున్నవి మాత్రం రెండే. ముక్కాలు గంట నిలబడ్డాక తన వంతొచ్చింది. అరలో కార్డు మీద ఉన్న ధర ఒకటి, తెర మీద పడ్డది ఇంకోటి. అదేందమ్మా అంటే, "ఆఫర్ నిన్నటితో అయిపోయింది తాతా, కార్డు తియ్యలేదు" అన్నారు. చివరికి, "క్యారీ బ్యాగ్ కావాలా? డబ్బులవుతాయి" అన్నారు. ఆయన సంచేమో గేటు దగ్గర టోకెన్ కింద ఉంది! కొత్త సంచి కొని, సామాను వేసుకుని గుమ్మం దగ్గరికొస్తే మళ్ళీ అదే కుర్రాడు బిల్లు లాక్కుని, సంచిలోకి తొంగి చూసి, బిల్లుకు చిల్లు పొడిచి ఇచ్చాడు.

ఇందులో కొంప మునిగిందేముందని మీరనొచ్చు. మునగలేదు, నిజమే. కానీ అంతా కలిపి చూస్తే ఆ పెద్దాయనకు అందిన మాట ఒక్కటే: "నిన్ను మేం నమ్మం, నువ్వు మాత్రం మమ్మల్ని నమ్మి డబ్బులివ్వు."

"అంత తక్కువకిస్తుంటే ఇంకా సేవలు కూడానా?" అని ఎదురు అడిగేవాళ్ళుంటారు. వాళ్ళు ఒక్క సంగతి గమనించాలి. తక్కువ ధర ఎట్టా సాధ్యమవుతోంది? సరుకు లారీల లెక్కన కొంటారు, ఒక్కో వస్తువు మీద లాభం తక్కువ వేసుకుని ఎక్కువ అమ్ముతారు. ఇది వ్యాపార తెలివి, తప్పు పట్టేదేం లేదు. మూడోది ఇంకోటుంది, దాన్ని బోర్డు మీద రాయరు. పనిచేసే మనుషుల్ని తగ్గించి ఆ పని మన చేత చేయిస్తారు. 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్నంలో పిగ్లీ విగ్లీ అనే కొట్టు పెట్టినాయన ఈ పద్ధతికి బాట వేశాడు. అంతకుముందు చీటీ ఇస్తే కొట్టువాడే తూచి, పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఆయన జనం చేతికి బుట్టలిచ్చి మీరే తీసుకోండన్నాడు, గుమాస్తాల జీతాలు మిగిలాయి. అరలో వెతికేది మనం, మోసేది మనం, వరసలో నిలబడేది మనం. అంటే ఆ తగ్గింపులో కొంత మన చాకిరీకి దక్కిన కూలీయే. ఎవరూ మనకు ధర్మం చెయ్యటం లేదు. కాబట్టి తలొంచుకుని తీసుకోవాల్సిన పనీ లేదు.

ఆ తగ్గింపైనా నిజమైనదో కాదో చూసుకున్నారా? ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు. దాన్ని వేసేది తయారీదారు. దాని మీద ఇరవై శాతం తగ్గించామన్నంత మాత్రాన బయటికంటే చౌక అని కాదు, మీ వీధి కొట్టులో కూడా చాలా వస్తువులు ఎమ్మార్పీకి తక్కువకే ఇస్తారు. నూనె ప్యాకెట్లు చూడండి. లీటరు ప్యాకెట్టులాగే కనపడుతుంది, తిప్పి చదివితే 850 గ్రాములుంటుంది. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు తూగాలి. ఈ మాయ కనిపెట్టటానికే 2024 జనవరి నుంచి ప్యాకెట్ మీద గ్రాముకో, కిలోకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందన్నది ముద్రించి తీరాలని కేంద్రం నిబంధన పెట్టింది. చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని అయినా ఆ అంకె చదివాకే బుట్టలో వెయ్యండి.

ఇక సంచి సంగతి. మన సంచిని గేటు దగ్గర ఆపేసి, సామానంతా కొన్నాక బిల్లు దగ్గర సంచికి డబ్బులడగటం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబర్ 22న బిగ్ బజార్ కేసులో తీర్పు చెప్పింది. సంచికి ఎంతవుతుందో కొనుగోలుదారుకు ముందే తెలియాలి, ఆఖర్న మెడ మీద పెట్టకూడదన్నది అందులోని సారం. అంతకుముందు ఏడాది చండీగఢ్‌లో ఒకాయన మూడు రూపాయల కాగితం సంచి కోసం బాటా మీద ఫిర్యాదు చేస్తే, అక్కడి ఫోరం కంపెనీకి 9,000 రూపాయలు వడ్డించింది. మూడు రూపాయల కోసం కోర్టుకెక్కటమేందని నవ్వే ఉంటారు. కానీ అడవిలో గొడ్లు మేస్తే పుల్లరి కట్టాలన్నప్పుడు కట్టనని తిరగబడి, 1922 ఫిబ్రవరిలో తెల్లదొరల తూటాలకు బలైన కన్నెగంటి హనుమంతుది ఈ పల్నాడే. ఆయన త్యాగాన్ని సంచి లెక్కకు ముడి పెట్టటం పెద్దరికం కాదు, మాకు తెలుసు. అయినా, దేనికి కడుతున్నామో అడక్కుండా కట్టే అలవాటు ఈ నేల మీద లేదని గుర్తు చేస్తున్నాం, అంతే.

ఫోన్ నంబరు చెప్తేనే బిల్లు కొడతామంటారు ఇంకొందరు. చెప్పక్కర్లేదు. నంబరు ఇమ్మని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపారులకు సూచన ఇచ్చింది. పాడైపోయిన మిక్సీ తీసుకుపోతే, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూపిస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ముందు ఆ బోర్డు చెల్లదు. లోపమున్న వస్తువును బిల్లు మీద రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. బిల్లు ఇవ్వకపోవటం కూడా అంతే. బిల్లు చూపించమని గుమ్మం దగ్గర అడగటం వేరు, ఒంటి మీద చెయ్యి వెయ్యటం వేరు. ఒళ్ళు తడిమే హక్కు ఏ కాపలాదారుకీ లేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కౌంటర్లో ఉన్న పిల్లల మీద కేకలెయ్యొద్దు. వాళ్ళు నకరికల్లు పిల్లలు, రొంపిచర్ల పిల్లలు, మన ఇళ్ళ నుంచి పోయినవాళ్ళే. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి నలుగురి పని ఒక్కరే చేస్తుంటే మొహాన నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే, 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి, పనిలో కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. కూర్చోవటానికి ఒక స్టూలు వెయ్యని యాజమాన్యం, నిలబడి నిలబడి విసుక్కున్న పిల్లను మనకు చూపించి "సిబ్బంది సరిగా లేరండీ" అంటుంది. మన తగువు ఆ పిల్లతో కాదు. మూసిన కౌంటర్లు తెరవమని, మనుషుల్ని పెట్టమని మేనేజర్నే అడగాలి.

అయితే ఆ మేనేజరు పైవాళ్ళెవరో మనకు తెలియదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. వీధి కొట్టులో యజమాని గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటాడు. సరుకు బాగాలేకపోతే మొహం మీదే అడుగుతాం, సాయంత్రానికి మార్చిస్తాడు. గొలుసు కొట్ల యజమానులు మనకు తెలియకుండానే మారిపోతుంటారు. 1986లో హైదరాబాద్‌లో మన తెలుగువాళ్ళ మధ్యే మొదలైన త్రినేత్ర 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి పోయి మోర్ అయింది. హెరిటేజ్ ఫ్రెష్ కొట్లను 2016లో ఫ్యూచర్ గ్రూపు తీసుకుంది, ఆ గ్రూపు బిగ్ బజార్లే 2022లో మూతపడ్డాయి. బోర్డు మారితే నిన్నటి ఫిర్యాదు ఎవరి చేతిలో పెట్టాలి?

వీధి కొట్ల యజమానులూ, మీక్కూడా ఒక మాట. మిరపకాయలు గుంటూరు యార్డులో అమ్ముడయ్యేదాకా ఖాతా రాసుకుని బియ్యం, పప్పు ఇచ్చేది మీరే. ఏ స్టోరూ ఆ పని చెయ్యదు, ఆ మేలు మరవం. అలాగని మీ దగ్గర అంతా సవ్యంగా ఉందనుకోకండి. అడిగితే తప్ప బిల్లివ్వరు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఏ ఏటిదో చూపించరు. తేదీ దాటిన బిస్కెట్ ప్యాకెట్టు వెనక్కి తెస్తే, "మా దగ్గర కొన్నదేనా?" అంటారు. అప్పున్నవాళ్ళతో మాట్లాడే తీరు కొన్ని కొట్లలో మరీ ఘోరం. పెద్ద స్టోరు వదిలి మీ దగ్గరికొచ్చేవాళ్ళు ధర కోసం రావటం లేదు, మాట కోసం వస్తున్నారు. అది కూడా దక్కకపోతే వాళ్ళు మళ్ళీ అటే పోతారు.

మరి ఏం చేద్దాం? పల్నాడంటే కర్రలూ కత్తులూ అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అద్దాలు పగలగొట్టే పనేం లేదు, అంతకంటే గట్టి దెబ్బ ఉంది. మర్యాద లేని చోట నిండిన బుట్టను బిల్లు కాకముందే కౌంటర్ దగ్గర పెట్టి, "మీ పద్ధతి బాగాలేదు, అందుకే కొనటం లేదు" అని మేనేజర్‌తో చెప్పి బయటికి రండి. ఒకరొస్తే పట్టించుకోరు. శనివారం సాయంత్రం పదిమంది వేరువేరుగా ఇదే చేస్తే ఆ బుట్టలు మళ్ళీ సర్దలేక సోమవారానికల్లా మూసిన కౌంటర్లు తెరుస్తారు.

కొన్నప్పుడు మాత్రం బిల్లు భద్రంగా దాచండి. అరలో కార్డు ధరకూ బిల్లు ధరకూ తేడా ఉంటే అక్కడే ఫోన్లో ఫొటో తీసుకోండి. సంచికి ఎంతో గుమ్మంలోనే అడగండి. అడిగినా దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. దానికీ లొంగకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న ఊళ్ళోనే వెయ్యాలని లేదు, ఎక్కడ కొన్నా మీరుండే ఊరు ఏ జిల్లా కమిషన్ కిందికొస్తుందో అక్కడే ఫిర్యాదు వెయ్యొచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయరు లేకపోయినా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి వెబ్‌సైట్లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు, చేత కాకపోతే కాలేజీకి పోయే పిల్లల సాయం తీసుకోండి. జరిగిన నాటి నుంచి రెండేళ్ళ దాకా గడువుంది.

డిసెంబర్ 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం. 1986లో మొదటి వినియోగదారుల చట్టానికి రాష్ట్రపతి సంతకం పడ్డ రోజది. ఏటా ఆ రోజు ఆఫీసుల్లో సభ పెట్టి, టీ తాగి వెళ్ళిపోతారు. ఈసారి మనం మన వీధిలోనే జరుపుకుందాం. మీ దగ్గర దాచిన బిల్లులు, తీసిన ఫొటోలు, పడ్డ అవమానాలు అన్నీ పట్టుకుని అరుగు మీదకు రండి. చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని ఒక్కొక్కరి ఫిర్యాదూ రాసి పెట్టాలి. రాసినవి అదే రోజు పంపించెయ్యాలి.

ఈ కాగితం చదివి పారెయ్యకండి, పక్కింటివాళ్ళకివ్వండి. చదవటం రానివాళ్ళకు మీరే చదివి వినిపించండి.

ఇట్లు,
పల్నాడు జిల్లా కొనుగోలుదారులం కొందరం