పేరు పేరునా

మా నాయనమ్మ రాత్రి ప్రార్థనకు మోకరిస్తే ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది పేర్లూ పలికేది. పెద్ద కొడుకుతో మొదలై మిగతా కొడుకులు, కోడళ్లు, మనవలు, మనవరాళ్లు, అత్తవారిళ్లలో ఉన్న కూతుళ్లు, అల్లుళ్లు, ఆ రోజు పొలానికొచ్చిన కూలీలు, ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె. పిల్లలం సగంలోనే ఒకరి మీద ఒకరం ఒరిగిపోయేవాళ్లం. అయినా ఎవరి పేరు దగ్గర వాళ్లకు మెలకువ వచ్చేది. పెద్ద కుటుంబంలో పుట్టినందుకు నాకు దక్కిన భాగ్యాల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

మాది ఒంగోలు వైపు పొగాకు పండించే ఇల్లు. పొగాకు ఒకరిద్దరి వల్ల అయ్యే పంట కాదు. నారు పోసిన దగ్గర్నుంచి బేళ్లు కట్టి వేలానికి తోలేదాకా ఇంటిల్లిపాదీ కావాలి. పచ్చాకు వచ్చిందంటే అమ్మ, పెద్దమ్మ, పిన్నులు, పని రోజులకని పుట్టింటికొచ్చిన మేనత్తలు చెట్టు కింద వరసగా కూర్చుని కర్రలకు అల్లేవాళ్లు. ఆకు జిగురుకి వేళ్లు నల్లబడి బంకబంకగా అయ్యేవి. సబ్బు పెట్టి తోమినా ఒక పట్టాన వదిలేది కాదు, కలుపుకున్న అన్నం చేదెక్కేది. మేనత్తలు అలా చేదన్నం తింటూనే మాకు ముద్దలు పెట్టాల్సి వస్తే మాత్రం చెంచాతో పెట్టేవాళ్లు.

కర్రలు ఆకు కాల్చే బ్యారన్‌లోకి ఎక్కాక మగవాళ్ల వంతు. ఆకు పసుపు తిరిగేదాకా సన్నని సెగ, ఆ తర్వాత మెట్టు మెట్టుగా పెంచుతూ ఈనె ఎండేదాకా పొయ్యి ఆరకూడదు. దాదాపు వారం రోజులు రాత్రీ పగలూ ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. ఆదివారం నాగలి కట్టడం మా ఇంట్లో లేదు. పదును పోతుందని పెదనాన్న ఎంత గింజుకున్నా, దేవుడు ఎద్దుకు కూడా విశ్రాంతి రాసిపెట్టాడని తాత కదలనిచ్చేవాడు కాదు. బ్యారన్ పొయ్యికి మాత్రం మినహాయింపు ఉండేది. వంతు పడినవాళ్లు ఆ వారం చర్చికి రాకుండా పొయ్యి ముందే కూర్చుని పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడుకునేవాళ్లు. అదీ ఆరాధనే అని తాత ఒప్పుకున్నాడు. ఆయన భక్తిలో మొండితనం ఉంది గానీ మూర్ఖత్వం లేదు.

ఆ భూమి మాకు ఊరికే రాలేదు. 1876-78 కరువులో మా ముత్తాతల తరం బకింగ్‌హామ్ కాలువ తవ్వకానికి వెళ్లి బతికిందని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ పనిలో ఒక భాగాన్ని ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుగా తీసుకుని కరువుజనానికి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్నది ఆ ప్రాంతపు సంఘాలన్నిటికీ తెలిసిన చరిత్ర. సెంటు నేల లేనివాళ్లే వాళ్లలో ఎక్కువ. ఎకరం, అరెకరం కూడబెట్టడానికి మా ఇంట్లో తరాలు పట్టింది. అందుకే భూమి ఇల్లు దాటిపోకూడదన్న భయం మావాళ్ల ఎముకల్లో ఉంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాని ఖర్చంతా ఆడపిల్లల మీద వేశారు.

తాత పోయాక పొలం నాలుగు వాటాలైంది. కొడుకులు నలుగురు కాబట్టి నాలుగు. మేనత్తలు రిజిస్ట్రారు ఆఫీసుకొచ్చి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు పెట్టి, పెట్టిన చీరలు తీసుకుని బస్సెక్కారు. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ అడగనూ లేదు. కొన్నేళ్లకు అందులో ఒక మేనత్త భర్తను పోగొట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చింది. అన్నదమ్ములు ఆదరించారు, మాటల్లో లోటు చేయలేదు. అయినా తను ఆకు అల్లిన చేలో పండిన పంట డబ్బుల్లోంచి మందులకు అడిగి తీసుకోవాల్సి వచ్చేది. అడిగే ముందు ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ గుమ్మం దగ్గర నిలబడటం నేను చూశాను. నాయనమ్మ ప్రార్థనలో రోజూ వినబడిన పేరు అది. పాసు పుస్తకంలో లేదు.

పెళ్లికి పెట్టాం కదా అంటారు. కట్నం అల్లుడి చేతికి వెళ్లింది, కూతురి చేతికి కాదు. పైగా ఇందులో చట్టం వైపు నుంచి తిరకాసు ఏమీ లేదు. హిందూ ఇళ్లలో ఆడపిల్లల వాటా కోసం ఎన్టీ రామారావు ప్రభుత్వం ప్రత్యేకంగా సవరణ తేవాల్సి వచ్చింది. దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో కొడుకు, కూతురు అన్న తేడా మొదటినుంచీ లేదు. వీలునామా రాయకుండా తండ్రి పోతే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం. కేరళలో తిరువాన్కూరు పాత చట్టం అడ్డుపడితే మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచారు. మన దగ్గర కోర్టుకెక్కాల్సిన పని కూడా లేదు, హక్కు వదులుకుంటున్నట్టు ఆడపిల్లలను రాసివ్వమనకుండా ఉంటే చాలు.

ఇక విశ్వాసం సంగతి. మా ఇంట్లో బైబిలు ఆదికాండము నుంచి వరసగా చదివేవాళ్లం, ఒక్క అధ్యాయం వదలకుండా. అంటే సంఖ్యాకాండము 27వ అధ్యాయమూ చదివాం. సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు మోషే ఎదుట నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు ఎందుకు పోవాలి, మాకూ భూమి ఇవ్వండి అని అడుగుతారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే తీర్పు చెబుతాడు. యోబు అయితే కొడుకులతో పాటు కూతుళ్లకూ స్వాస్థ్యమిచ్చాడు. ఆ అధ్యాయాలు మా వసారాలో ఎన్నోసార్లు వినబడ్డాయి. మేనత్తలూ అక్కడే తలమీద కొంగేసుకుని కూర్చుని విన్నారు.

ఆ ఇంటిని నేను ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తాను. ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడి కుండలోకి గుప్పెడు తీసిపెట్టిన ఇల్లది. కోసిన చేలో పరిగె ఏరుకునేవాళ్లను అదిలించని ఇల్లు. అంత ఉదారమైన ఇంటికి సొంత కూతుళ్లకు ఎకరం రాసివ్వడం భారమయ్యేది కాదు. ఆ ఆలోచనే రాలేదు, అంతే. అందుకే ఆలోచన రప్పించాల్సిన బాధ్యత సంఘాలదని నేనంటాను. పంపకాలప్పుడు పెద్దమనుషులుగా పిలిచేది సంఘ పెద్దలనే. ముందు ఆడపిల్లలను కూర్చోబెట్టి చట్టం ఏం చెబుతోందో వివరించాకే కాగితం ముట్టుకోమని వాళ్లు అనగలరు. అంటే ఎవరూ కాదనరు, ఊళ్లో వాళ్ల మాటకు ఇంకా ఆ విలువ ఉంది.

మా నాన్న వాటా ఇంకా ఆయన పేరు మీదే ఉంది. వీలునామాలో మా అక్కచెల్లెళ్ల పేర్లూ అన్న పేరుతో సమానంగా రాయమని ఆయన్ను అడిగాను. అన్న ఎదురుగానే అడిగాను. ఈ ఏడు కోతకాల పండుగకు వాక్యం సంఖ్యాకాండము 27 నుంచి చెప్పమని మా కాపరి గారినీ అడిగాను. ప్రథమ ఫలాలు పట్టుకుని ఊరంతా వచ్చే ఆదివారమది, భూమి ఉన్నవాళ్లందరూ చర్చిలో ఉంటారు.