పెరటి ఆకుల తేనీరు

మన తెలుగునాట నేడు టీ త్రాగని యిల్లు అరుదు. తెల్లవారగనే పెద్దలతోపాటు పిన్నలకును టీ యిచ్చుట ఆచారమైపోయినది. అందు ముంచిన రొట్టెముక్కయో బిస్కత్తో తిని, అదియే ఫలాహారమనుకొని బడికి వచ్చు బాలబాలికలను మేము ప్రతిదినమును చూచుచున్నాము.

ఈ టీ మన పూర్వుల పానీయము కాదు. 1823లో రాబర్టు బ్రూసు అను స్కాట్లండు దేశీయుడు అస్సాములో తేయాకు చెట్టును చూచెను. అక్కడి సింగ్ఫో జనులు అంతకు మునుపే దాని నెరిగియుండిరి. పిమ్మట తోటలు పెరిగెను. 1903లో ఎగుమతి తేయాకుపై సుంకము విధించు చట్టము చేసి, ఆ సొమ్ముతో టీ వాడుకను వ్యాపింపజేసిరి. ప్రచారముచే వచ్చిన యలవాటును విచారముచే మార్చుకొనవచ్చును గదా!

టీ విషమని మేము చెప్పము. పనిచేసి యలసిన పెద్దలకు అది యుత్సాహము నిచ్చును. కాని అందలి కెఫీను పిల్లల నిద్రను చెరచును. మరియు భోజనముతో త్రాగిన టీ, ఆకుకూరలలోను పప్పులలోను ఉండు ఇనుమును శరీరము గ్రహింపకుండ అడ్డుపడును. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారు. దీనికి కారణములు పెక్కు. టీ యొక్కటియే కాదు. అయినను ఆడపిల్లలకు అన్నముతో టీ యిచ్చుట మానుట మన చేతిలోని పని.

కావున పిల్లలకు వేడి పానీయము కావలెనన్న పెరటి ఆకులతో చేసి యిండని మా సలహా. తులసి, పుదీనా, నిమ్మగడ్డి, ఈ మూటికి పెద్ద తోట యక్కరలేదు. కుళాయి క్రింద జారిపోవు నీరు చాలును. కూరకు తెచ్చిన పుదీనా కట్టలోని ముదురు కాడలు నాటిన వేరూనును. నిమ్మగడ్డికి ఒక పిలక చాలును. తులసి విత్తనముతో మొలచును. పూవెన్నులు త్రుంచుచుండిన ఆకు దట్టమగును. తులసిని పూజించు నిండ్లవారు కోటలోని మొక్కను ముట్టక, టీకొరకు వేరొకటి పెంచుకొనవచ్చును. క్రైస్తవ గృహములవారును ఇది పరుల చెట్టని విడువనక్కరలేదు, ఆకు అందరిది.

ఎండబెట్టుటలోనే నేర్పున్నది. ఉదయమున మంచు ఆరిన తరువాత, ఎండ ముదురక మునుపే, పూతకు రాని కొమ్మలను కోయవలెను. కడిగి, నీరోడ్చి, పలుచని గుడ్డపై పరచి, గాలియాడు నీడలో నుంచవలెను. మిరపకాయలవలె మండుటెండలో వేసినచో రంగు మాయును. సువాసన నిచ్చు తైలము గాలిలో కలియును. దినమున కొకసారి త్రిప్పుచుండిన, ఇంచుమించు వారము దినములకు ఆకు చేతిలో నలుపగా పొడియగును. అంతవరకు సీసాలో పోయరాదు. తడి మిగిలిన బూజు పట్టును. మూత బిగించి, వెలుతురు సోకనిచోట నుంచి, ఏడాదిలోపల వాడుకొనవలెను. గ్లాసు నీటికి ఎండుటాకు ఒక చెంచా, పచ్చియాకైన మూడు చెంచాలు. మరగిన నీటిలో వేసి అయిదు నిమిషములు మూత పెట్టవలెను; లేనిచో పరిమళము ఆవిరితో పోవును.

ఈ ఆకులు సర్వరోగములను కుదుర్చునను మాటలను నమ్మవలదు. వీనిలో కెఫీను లేదు. మా వాదము అంతవరకే. పుదీనా నీరు సైతము ఇనుమును అడ్డగించును గాన, దేనినైనను భోజనమునకు గంట యెడముగా త్రాగవలెను. గర్భిణులును, మందులు వాడువారును వైద్యుని అడుగుట మంచిది. ఏ టీయు ఫలాహారమునకు బదులు కాదు.

అంగడిలో ఇవే ఆకులు అందమైన పొట్లములలో దొరకుచుండగా ఈ శ్రమ యేల యని కొందరందురు. పొట్లము కొన్న బాలునికి ఆకు దొరకును. నీడలో నేల యెండవలెనో తెలియదు. వృక్షశాస్త్రము వల్లించి పెరటి మొక్క నెరుగని చదువు సగము చదువే. కనుక ప్రతి తరగతియు ప్రహరీ వెంట ఒక మడిని చేపట్టవలెననియు, మంచి గాలియు పొడి దినములును గల సంక్రాంతి సెలవులలో ప్రతి విద్యార్థియు ఇంట ఒక సీసా నింపవలెననియు మా కోరిక. తలిదండ్రులు ఇందుకు జానెడు నేల యిత్తురుగాక!