రాజభటుడూ, ఇంజను దీపమూ

రాజభటుణ్ణి పిలుచుకు రమ్మంటే రాజుగారి చెయ్యి పట్టుకుని ఎవరూ లాక్కురారు. తత్పురుష సమాసంలో ఉత్తరపదానికే ప్రాధాన్యమని హైస్కూలు కుర్రవాడయినా చెబుతాడు. కాని కార్లు బాగుచేసే చోట మాత్రం ఈ సూత్రానికి అంతగా చెల్లుబాటు వున్నట్టు కనబడదు.

కారులో స్టీరింగు వెనక పసుపుపచ్చని ఇంజను దీపం వెలుగుతుంది. స్కానరు తగిలిస్తే పి 0135 అని ఒక సంకేతం వస్తుంది. ఆక్సిజన్ సెన్సరు హీటరు సర్క్యూటులో దోషమని దానికి అర్థం. విగ్రహవాక్యం చెప్పుకోండి. ఆక్సిజన్‌ను కనిపెట్టే సెన్సరు. ఆ సెన్సరుకు హీటరు. ఆ హీటరుకు సర్క్యూటు. దోషమున్నదల్లా సర్క్యూటులో. ఆ సర్క్యూటులో ఫ్యూజుంది, తీగలున్నాయి, కనెక్టరుంది, కంప్యూటరుంది; హీటరూ వుంది, కాదనను. కాని చాలాచోట్ల మొదటి పదం చదవగానే, “సెన్సరు పోయిందండీ, మార్చెయ్యాలి” అనేస్తారు. ఆ వ్యాకరణ దోషం ఖరీదు వేల రూపాయలు.

అసలు సెన్సరుకు ఈ కుంపటి ఎందుకంటారా? పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఇంజను కంప్యూటరుకు కబురందించడం సెన్సరు పని. ఒక పాలు పెట్రోలుకు తూకాన సుమారు 14.7 పాళ్ల గాలి కలిస్తే పాకం కుదిరినట్టు. పాకం కుదిరితేనే పొగను శుద్ధిచేసే కన్వర్టరు తన పని తాను సవ్యంగా చేస్తుంది. ఈ కబురు చెప్పేది జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థం. అది మహా బద్ధకస్తురాలు. 300 డిగ్రీల పైచిలుకు వేడి తగిలితే గాని నోరు విప్పదు. బాష్ కంపెనీవారి సెన్సరు 1976లో వోల్వో కార్లలో మొదట వచ్చినప్పుడు పొగవేడికే అది కాగాలి. 1982లో లోపల హీటరు అమర్చిన రకం వచ్చింది. ఇప్పుడు బండి కదిలిన కొద్దిసేపటికే కబుర్లు మొదలవుతాయి.

హీటరు పనిచెయ్యకపోయినా కారు ఆగదు. అందుకే మనవాళ్లకు అశ్రద్ధ. సెన్సరు మేలుకునేదాకా కంప్యూటరు ఉజ్జాయింపు లెక్కన పెట్రోలు పోస్తూ వుంటుంది. పటమట నుంచి గవర్నరుపేటకు వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాలవారికి ఆ నష్టం రోజూ తగులుతుంది, పొగ ఎదుటివారికి తగులుతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్ నగర్‌ను ముంచెత్తిన సంగతి బెజవాడలో ఎవరికీ జ్ఞాపకం చెయ్యనక్కరలేదు. మా కాలేజీలో చరిత్ర చెప్పే మిత్రుడి కారు సీట్లదాకా మునిగింది. ఇన్సూరెన్సువారు ఇచ్చింది పోను చేతిడబ్బు చాలా పోసి దాన్ని మళ్లీ రోడ్డెక్కించాడు. కొన్నాళ్లు బాగానే తిరిగింది. తరవాత ఇంజను దీపం వెలిగింది. ఒక వర్క్‌షాపువారు రెండు సెన్సర్లూ మార్చాలని చీటీ రాసిచ్చారు. అది కూతురి హాస్టలు ఫీజు కట్టవలసిన నెల. మిత్రుడి ముఖం చూసి నేనూ వెంట ఆటోనగర్ వెళ్లాను.

అక్కడ కార్ల కరెంటు పనిచేసే ఒక పెద్దాయన చీటీ చూసి, “రెండు దేనికి మాస్టారూ? 0135 అంటే కన్వర్టరుకు ముందున్నది. వెనకదానికి జబ్బు చేస్తే 0141 రావాలిగా” అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఉత్తరపదం దాకా చదివే మనిషి దొరికాడు.

ముందు ఫ్యూజు చూశాడు; బాగానే వుంది. అది కాలిపోయి వుంటే ఎందుకు కాలిందో వెతకాలిట. తీగ వేడి గొట్టానికి అంటుకుని వుండవచ్చు, ఎలుక కొరికి వుండవచ్చు. (వరికోతలయ్యాక చేలల్లోంచి ఊళ్లోకి వచ్చే ఎలుకలకు కారు బానెట్టు కింద మంచి విడిది. కంకిపాడు, గుడివాడ వైపు వారికి ఇది కొత్త విషయం కాదు.) అంతేకాని పెద్ద ఫ్యూజు వేసి పంపితే తీగలే కాలతాయన్నాడు.

ఇంజను బాగా చల్లారనిచ్చి, కనెక్టరు విప్పి, సెన్సరు వైపు ఒకే రంగులో వున్న రెండు తీగల మధ్య మీటరు పెట్టాడు. హీటరు తీగలు అవేనట. కొద్ది ఓములు చూపించింది. ఆ కారు పుస్తకంలో వున్న అంకెకు సరిపోయింది. తెగిపోయిన హీటరయితే మీటరు దారే లేదంటుంది. అప్పుడు సెన్సరు మార్చక తప్పదు.

తరవాత బండివైపు కనెక్టరు చూశాడు. తాళం తిప్పితే మీటరు 12 వోల్టులు చూపించింది. (కొన్ని కార్లలో ఇంజను నడుస్తుంటేనే అది వస్తుంది.) మిత్రుడు డీలాపడ్డాడు. కరెంటు వుంది, హీటరూ బాగానే వుంది, ఇక పోయింది కంప్యూటరేనని అతని భయం. పెద్దాయన మాత్రం మీటరు పక్కన పెట్టి ఒక చిన్న బల్బు తగిలించాడు. వెలగలేదు! మీటరు తాగే కరెంటు దాదాపు ఏమీ లేదు. తీగలో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. బల్బు అయినా, హీటరయినా పని అడుగుతాయి. అప్పుడు తీగ బండారం బయటపడుతుంది. పెళ్లిచూపుల్లో అందరూ సాధువులే కదా!

తీగ వెంబడి తడుముకుంటూ పోయి ఒకచోట పైతొడుగు చీల్చాడు. లోపల రాగి పచ్చగా చిలుం పట్టి పొడిగా రాలింది. బుడమేరు నీరు తొడుగు సందున ఎక్కి, నెలల తరబడి తాపీగా తినేసింది. ఆ ముక్క కోసేసి కొత్త తీగ వేసి అతికాడు. సెన్సరు వైపు తీగలు మాత్రం ముట్టుకోలేదు. చాలా సెన్సర్లు వాటి సందుల్లోంచే బయటిగాలి పీల్చుకుంటాయట. అక్కడ టంకమూ గ్రీజూ పూస్తే ఊపిరాడదు.

తరవాత కనెక్టరులో రెండు హీటరు గదుల మధ్య బల్బు పెట్టి ఇంజను స్టార్టు చేయించాడు. అది మినుకు మినుకుమని వెలిగింది. కంప్యూటరు భూమి తీగను కలుపుతూ విడదీస్తూ వుంటుందిట, ఆ మినుకు దానిదే. కంప్యూటరు బతికే వుంది.

సంకేతం చెరిపేసి, రేపు పొద్దున చల్లని ఇంజనుతో స్టార్టు చేసి చూసుకోమన్నాడు. మర్నాడు దీపం వెలగలేదు, ఆ తరవాతా వెలగలేదు. మిత్రుడు ఆ వర్క్‌షాపు చీటీ పారెయ్యలేదు; వెనక్కి తిప్పి హాస్టలు లెక్క రాసుకున్నాడు.