“కరెస్పాండెన్సా?” అని అడిగే ముందు

మా పెద్దమ్మ కూతురు పీణ్యాలో ఒక గార్మెంట్స్‌లో పనిచేస్తుంది. దూరవిద్యలో బీఏ చదువుతోంది. మొన్న ఇంటికొచ్చిన చుట్టాలావిడ “కరెస్పాండెన్సా? అయితే పేరుకే డిగ్రీ అన్నమాట” అనేసింది. అక్క నవ్వి ఊరుకుంది. నాకే ఒళ్ళు మండింది. కానీ తర్వాత ఆలోచిస్తే, ఆ మాటలో కొంత నిజం ఉంది. ఆ తప్పు మాత్రం అక్కది కాదు.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన తెలుగునేల మీదే పుట్టింది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. ఇంటర్ చదవనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డిగారే, 1985లో ఇగ్నో పెట్టినప్పుడు అక్కడా తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పెళ్ళితోనో పనితోనో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకి ఇది ఎంత ఆసరానో వేరే చెప్పక్కర్లేదు.

అయితే అడ్మిషన్లు పెరిగినంత వేగంగా పాఠం పెరగలేదు. మన పక్కనున్న మైసూరు సంగతే చూడండి. కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం బయటి రాష్ట్రాల్లో, ప్రైవేటు సంస్థల ద్వారా కోర్సులు నడిపిందని, 2012-13 తర్వాత దానికి గుర్తింపు లేదని 2015లో యూజీసీ ప్రకటించింది. గుర్తింపు మళ్ళీ వచ్చింది 2018లో. మధ్యలో ఫీజు కట్టి, పరీక్షలు రాసిన పిల్లల గతేమిటి? నిబంధన తప్పింది ఒకరు, సర్టిఫికెట్టు పట్టుకుని తిరిగింది ఇంకొకరు. అందుకే చేరేముందు యూజీసీ జాబితాలో ఆ కోర్సు, ఆ సంవత్సరం ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మరి గుర్తింపు ఉంటే సరిపోతుందా? అక్క రాత్రి పదింటికి కూర్చుని అసైన్‌మెంట్లు రాస్తుంది. తిరిగొచ్చిన కట్ట నేను చూశాను. పద్నాలుగు పేజీల్లో ఎక్కడా ఎర్ర సిరా గీత లేదు, చివర మార్కు తప్ప. నన్నయ గురించి ఆమె రాసిన ఒక పేజీ పూర్తిగా తప్పు. ఎవరూ చెప్పలేదు! నా దృష్టిలో నాణ్యత అంటే బిల్డింగూ కాదు, గ్రేడూ కాదు. రాసింది ఒకరు చదివారా, తప్పయితే దిద్దారా అన్నదే. (మన రెగ్యులర్ క్లాసుల్లో అన్నీ దిద్దుతున్నారా అంటారేమో. మనం కనీసం స్టాఫ్‌రూమ్ తలుపు కొట్టగలం కదా.)

మేడమ్‌లకి ఒక విన్నపం. నెలకో ఆదివారం మన క్లాస్‌రూమ్ రెండు గంటలు తెరిచిపెడితే, దూరవిద్యలో తెలుగు చదివేవాళ్ళు తమ జవాబులు తెచ్చుకుంటారు. ఫైనలియర్ వాళ్ళం మేం కూర్చుని చదువుతాం. మాకు తెలియనివి మీరు దిద్దండి. అక్క ఇప్పటికే అడిగింది, ఏ బస్సు ఎక్కాలని.