తెరమీది పటమునకు కర్త యెవరు?

కంప్యూటరు తెరచినంతనే మన కన్నులకు ముందుగా గోచరించునది వాల్‌పేపరు. ఇంటి గోడమీది పటమువలెనే యిదియు దినమునకు పలుమారులు చూడబడుచున్నది. కావున దీనిని అల్పవిషయమని త్రోసివేయరాదు.

1996వ సంవత్సరమున ఛార్లెస్ ఓ'రియర్ అను ఛాయాగ్రాహకుడు కాలిఫోర్నియాలో నొక పచ్చని కొండను ఫొటో తీసెను. 2001లో అది "బ్లిస్" అను పేర విండోస్ ఎక్స్‌పీతో లోకమంతటను వ్యాపించెను. ఎన్నడును చూడని యా కొండను మనవారనేకులు గుర్తింపగలరు. మన పాపికొండలకును, కిన్నెరసానికిని అట్టి భాగ్యమేల కలుగరాదు?

మన బాలబాలికలలో కొందరు ఇప్పుడీ పనికి పూనుకొనుట సంతోషకరము. తెర వెడల్పైనది, అనేక తెరల కొలత 1920కి 1080 చుక్కలు. నిలువుగా తీసిన ఫొటో దానికి ఒప్పదు. ఐకానులు సాధారణముగా ఎడమవైపున నిలుచును గనుక, ఆ భాగమును ఆకాశమునకో నీటికో విడిచి, ముఖ్యవస్తువును కుడివైపున నుంచుట మేలు.

అయితే నేర్పుకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఒక బాలుడు పర్ణశాల యొద్ది గోదావరిని కంప్యూటరుపై ఎన్నియో సాయంకాలములు శ్రమించి చిత్రించి, స్నేహితులకు పంపెను. కొలది దినములకే ఆ పటము, మూలనున్న అతని పేరు చెరుపబడి, వేరొకని పేరుతో అతని ఫోనుకే తిరిగి వచ్చెను. "అయ్యా, నేనిక గీయను" అని అతడు నాతో ననెను. ఆ మాట నన్ను మిక్కిలి నొప్పించినది.

"అందరికి పంచినది అందరిదే కదా" అని కొందరందురు. పంచుట వేరు, పేరు పోగొట్టుకొనుట వేరు. 1957 నాటి మన కాపీరైటు చట్టము 57వ సెక్షనులో, హక్కులను పరులకిచ్చిన పిమ్మటను, ఇది నా కృతియని చెప్పుకొను అధికారము కర్తకు కలదు. క్రియేటివ్ కామన్స్ వారి అనుమతి పత్రములలో పెక్కింటికి కర్త పేరు చెప్పవలెననుటయే మొదటి నియమము.

ఈ న్యాయము మనకును వర్తించును. కోయల పడిగె గుడ్డమీది బొమ్మలు అందముగా నున్నవని ఫొటో తీసి తెరకెక్కించుట సులభమే. కాని యవి ఒక వంశము తన పూర్వుల కథను, వేల్పులను నిలుపుకొన్న ఆనవాళ్లు. ఆ కథలను డోలుతో పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించెను. పాటకు పాటకుని పేరున్నట్లే, ఆ బొమ్మలకును సొంతదారులు కలరు. వారి నడుగక ముట్టరాదు, వలదన్నచో మానవలెను.

కావున విద్యార్థులారా, నా మనవి యిది. మీరు చేసిన పటము మూలన మీ పేరును, సంవత్సరమును చిన్న అక్షరములతో వ్రాయుడు. పరుల పటమును పంపునప్పుడు వారి పేరు చెరుపకుడు. తలిదండ్రులారా, పటము బాగున్నదని మెచ్చుకొనునప్పుడు, "ఇది యెవరు గీచిరి?" అని తప్పక అడుగుడు. ఆ యొక్క ప్రశ్న విన్ననాడు, గీయనన్న ఆ బాలుడు మరల గీయునని నా నమ్మకము.