మిగులు క్రెడిట్లు, అదనపు సెమిస్టర్

ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు చేసే తెలుగువారికి బదిలీలు కొత్త కాదు. స్కూలు పిల్లలకు కేంద్రీయ విద్యాలయం ఉంది కనుక ఏ ఊరికెళ్లినా పెద్దగా బెంగ లేదు. చిక్కల్లా డిగ్రీ మధ్యలో ఉన్నవారితోనే.

ధౌలా కువా దగ్గరి శ్రీ వెంకటేశ్వర కళాశాలలోనో, మరో ఢిల్లీ వర్సిటీ కాలేజీలోనో ఒక అమ్మాయి రెండేళ్లు చదివిందనుకుందాం. సెమిస్టర్‌కు 22 చొప్పున ఆమె దగ్గర 88 క్రెడిట్లుంటాయి. వారానికి గంట పాఠం చొప్పున ఒక సెమిస్టర్ చదివితే వచ్చేది ఒక క్రెడిట్. ఇంతలో తండ్రికి విశాఖ బదిలీ అయింది. అక్కడి వర్సిటీ మూడేళ్ల డిగ్రీకి యూజీసీ 2022లో సూచించిన కనీస లెక్క, అంటే 120 క్రెడిట్లే అడుగుతుందనుకుందాం. ఇంకా 32 చాలు. రెండు సెమిస్టర్లలో పని పూర్తవ్వాలి.

కానీ అలా జరగదు. 2021 జూలైలో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనల ప్రకారం, పట్టా ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. 120లో సగం 60. అంటే ఆమె తెచ్చుకున్న 88లో చెల్లేవి 60 మాత్రమే. మిగతా 28 మిగులు. సెమిస్టర్‌కు 20 చొప్పున చదివితే కొత్తచోట మూడు సెమిస్టర్లు కూర్చోవాలి. నాలుగేళ్ల ఆనర్స్‌లో చేరితే నష్టం తక్కువ: 160లో సగం 80 కనుక పోయేవి 8. ఈ లెక్క చేరేముందే చూసుకునే తల్లిదండ్రులు ఎందరు?

సగం నిబంధన అన్యాయమేమీ కాదు. ఎక్కడో చదివినదానికి తన పేరు మీద పట్టా ఇవ్వడానికి ఏ వర్సిటీ అయినా వెనకాడుతుంది. అసలు లోపం మరోచోట ఉంది. డిజీలాకర్‌తో ముడిపడిన ఈ ఖాతా ఎన్ని క్రెడిట్లున్నాయో చూపుతుంది తప్ప, అవి కొత్తచోట ఏ పేపరుకు బదులవుతాయో చెప్పదు. ఢిల్లీలో చదివిన పేపరు గుర్గావ్‌లోనో నోయిడాలోనో చెల్లుతుందా అన్నది చేర్చుకునే వర్సిటీ ఇష్టం. ఒకే మెట్రో కార్డుతో మూడు రాష్ట్రాలు తిరిగే నగరంలో చదువు మాత్రం సరిహద్దు దగ్గర దిగిపోవాలి.

ఢిల్లీకి ఈ అనుభవం ఊరు మారకుండానే ఎదురైంది. 2013లో ఢిల్లీ వర్సిటీ నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టి, 2014 జూన్‌లో వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది చేరినవారు అప్పటికే ఫౌండేషన్ కోర్సుల మీద కాలం ఖర్చు చేశారు. మూడేళ్ల డిగ్రీకి మళ్లించాక ప్రధాన సబ్జెక్టును మిగిలిన రెండేళ్లలో సర్దుకోవలసి వచ్చింది. నాలుగేళ్ల డిగ్రీ 2022లో మళ్లీ వచ్చింది, ఈసారి జాతీయ విద్యా విధానం అండతో.

కాలిఫోర్నియాలో ఖర్చు తగ్గుతుందని పిల్లల్ని ముందు కమ్యూనిటీ కాలేజీలో చేర్చే తెలుగు కుటుంబాలకు కూడా ఇలాంటి పరిమితే ఉంది. అక్కడి నుంచి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారితే డిగ్రీ లెక్కలో చేరేవి 70 సెమిస్టర్ యూనిట్లే. అయితే అంతకుమించి చదివింది వృథా పోదు. యూనిట్లు కలపకపోయినా, ఆ సబ్జెక్టు చదివినట్టు గుర్తిస్తారు. దాన్ని మళ్లీ చదవక్కర్లేదు. ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో అసిస్ట్ అనే ప్రభుత్వ జాబితాలో ముందే చూసుకోవచ్చు.

మన వర్సిటీలు అలాంటి జాబితా పెట్టేందుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు. సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూసే ఓపిక చాలు. అంతవరకూ పని విద్యార్థిదే: టీసీ తీసుకోకముందే ప్రతి పేపరు సిలబస్ కాపీ దగ్గర పెట్టుకుని, ఏవి చెల్లుతాయో కొత్త వర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫీజు కట్టడం ఆ తర్వాతే. వాడుకోని క్రెడిట్లు ఖాతాలో గరిష్ఠంగా ఏడేళ్లు ఉంటాయి.